మా కాలనీ గోడ మీద ఎవరి బొమ్మ ఉండాలి? మీ అనుభవాలు చెప్పండి

రంగుల_పలక

అందరికీ నమస్కారం. నేను ఒక చిన్న పట్నంలో గవర్నమెంట్ హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్‌ని. మా స్కూలు వెనకాలే మున్సిపాలిటీ పారిశుద్ధ్య కార్మికుల కాలనీ. 140 ఇళ్లు ఉంటాయి. నా క్లాసు పిల్లల్లో సగం మంది అక్కడివాళ్లే. పోయిన ఏడాది ఆ కాలనీవాళ్లు ఇద్దరు మ్యాన్‌హోల్‌లో ఊపిరాడక చనిపోయారు. ముందు ఒకాయన దిగాడు. ఎంతసేపటికీ పైకి రాకపోతే ఆయన్ని తీయడానికి రెండో ఆయన దిగాడు. ఇద్దరి పిల్లలూ నా దగ్గరే చదువుతున్నారు.

కాలనీ మొదట్లో కమ్యూనిటీ హాలు ఉంది. మెయిన్ రోడ్డు వైపు గోడ 60 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తు. దాని మీద బొమ్మలు వేద్దామని ఆడవాళ్లే వచ్చి నన్ను అడిగారు. ఇంతలో ఒక ట్రస్టువాళ్లు రంగుల ఖర్చు మాది అన్నారు. కానీ డిజైన్ కూడా వాళ్లే పంపారు. నీలం చీరలో, చేతికి గ్లౌజులు, చీపురు పట్టుకుని నవ్వుతున్న అమ్మాయి. వెనక చెట్లు, పైన పరిశుభ్రత గురించి ఒక నినాదం, కింద మూలన ట్రస్టు పేరు.

ఫోన్‌లో ఆ బొమ్మ చూపించాను. ఒక పెద్దామె కళ్లద్దాలు పైకి జరుపుకుని చాలాసేపు చూసి, "ఈ పిల్లకి గ్లౌజులు ఎవరిచ్చారమ్మా? మాకు ఇంతవరకూ ఇవ్వలేదే" అంది. మిగతావాళ్లు ఎవరూ నోరు విప్పలేదు. అప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు. డబ్బు వద్దనుకుంటే రంగులు ఎక్కడినుంచి తేవాలి? తీసుకుంటే ఆ నవ్వే బొమ్మ వేయాలి. జనమంతా కలిసి ఒక బొమ్మో పాటో నాటకమో చేసి, దానివల్ల తమకు జరిగిన అన్యాయాన్ని నిలదీసిన చోట్లు మీకు తెలిస్తే చెప్పండి. ఎక్కడ పొరపాటు జరిగిందో కూడా చెప్పండి.

పెన్నా_ఒడ్డు

టీచరమ్మా, ఆ పెద్దామె మాట చదివి నాకు 30 ఏళ్ల నాటి సంగతి గుర్తొచ్చింది. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

1991లో నెల్లూరు జిల్లాలో అక్షర దీపం అని అక్షరాస్యత ఉద్యమం నడిచింది. ఊళ్లలో రాత్రిబడులు పెట్టేవాళ్లు. జనాన్ని బడికి రప్పించడానికి ముందుగా కళాజాతా వెళ్లేది. అందులో నేను డప్పు వాయించేవాణ్ని, చిన్న వేషాలు కూడా వేసేవాణ్ని. అప్పుడు నాకు 22 ఏళ్లు. ఆడవాళ్లు పొలం నుంచి వచ్చి, వంటలు చేసి, పిల్లలకు అన్నాలు పెట్టి రచ్చబండ దగ్గరికి చేరేసరికి రాత్రి తొమ్మిదయ్యేది. పెట్రోమాక్స్ లైటు వెలుతురులో ఆడేవాళ్లం.

మా నాటికల్లో సారా మీద ఒకటి ఉండేది. మొగుడు తాగొచ్చి కొడతాడు, పెళ్లాం కాళ్లు పట్టుకుని ఏడుస్తుంది. ఒక ఊళ్లో ఆ సీను నడుస్తుండగా వెనక నుంచి ఒకావిడ లేచి, "అట్లా కాదబ్బయా, ఏడ్చేదానికి మాకు తీరిక యాడుంది?" అనింది. మేం ఆగిపోయాం. ఆమె సరాసరి మధ్యలోకి వచ్చి, వేషం వేస్తున్న అమ్మాయి చేతిలోని చెంబు తీసుకుని, కూలి డబ్బులు బియ్యం డబ్బా అడుగున ఎట్లా దాస్తుందో చేసి చూపించింది. తరవాత మొగుడు ఆ డబ్బా ఎట్లా బోర్లిస్తాడో, కింద పడ్డ బియ్యం తను ఎట్లా ఏరుకుంటుందో చూపించింది. నేలమీద కూర్చుని, లేని బియ్యాన్ని ఒక్కొక్క గింజా చెంబులోకి ఏరింది. ఎవరూ చప్పుడు చెయ్యలా. కాసేపటికి ఇంకొకావిడ లేచి "మా ఇంట్లో ఆ చెంబు కూడా మిగల్లేదు, అమ్మేశాడు" అనింది. ఆ రాత్రి మా పాటలు సగం పాడకుండానే మిగిలిపోయినాయి. రెండు దాటిందాకా వాళ్లే మాట్లాడుకున్నారు.

మర్నాడు ఇంకో ఊరు పోయేలోపు మేం ఏడుపు సీను తీసేసి బియ్యం సీను పెట్టుకున్నాం. దాన్ని రాసింది ఆమే. మేం రాసినట్టు ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ తరవాత సంగతి అందరికీ తెలుసు. చదువుకోవడానికి ఇచ్చిన పుస్తకంలో సారా కొంప కూల్చిన సీతమ్మ కథ ఒక పాఠం. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, ఆమెతోపాటు ఆడవాళ్లు ఊళ్లోకి సారా రానివ్వమని అడ్డం తిరిగారు. మళ్లీ ఆ దూబగుంట కథే 'ఆడవాళ్లు ఏకమైతే' అని పాఠమైంది. అది చదివి పక్క ఊళ్లు కదిలాయి. చీపుళ్లు, కారం పొడి పట్టుకుని సారా బండ్లకు ఎదురు పోయారు. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్ నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. దాన్ని 1997లో ఎత్తేశారు, అది ఇప్పటికీ నా గుండెలో ముల్లే.

మా నాటిక వల్ల సారా పోయిందని నేను అనను. దెబ్బలకు, కేసులకు ఓర్చుకుని నిలబడింది ఆ ఆడవాళ్లు. కాకపోతే తన ఇంటి గుట్టు పదిమందిలో చెప్పుకోవడానికి వాళ్లకు దొరికిన మొదటి చోటు ఆ రాత్రిబడి, ఆ లైటు వెలుతురు. మీ గోడను కూడా అట్లాంటి చోటు చెయ్యండి. ఆ గ్లౌజుల మాట దగ్గరే మొదలుపెట్టండి.

ఎర్ర_సంచి

నేను 18 ఏళ్లు మున్సిపల్ కార్మికుల యూనియన్లో తిరిగినవాణ్ని. ఎవరి మనసూ నొప్పించాలని కాదు గానీ, గోడకు రంగేస్తే సంతోషపడేది ఆఫీసర్లు. ఫొటో దిగుతారు, పేపర్లో వేయించుకుంటారు. ముందు ఆ ఇద్దరి ఇళ్లకూ పరిహారం వచ్చిందా లేదా చెప్పండి. మనుషుల్ని మురుగులోకి దించకూడదని 2013లో చట్టం వచ్చింది. చనిపోతే 10 లక్షలు ఇవ్వాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలు చేసింది. ఇది దయాదాక్షిణ్యం కాదు, హక్కు.

రంగుల_పలక

అన్నా, మీరు అడగడం మంచిదైంది. మొదట దిగినాయన ఇంటికి ఎనిమిది నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగాక వచ్చింది. రెండో ఆయన ఇంటికి రాలేదు. "అతను మా పనివాడు కాదు, దిగమని ఎవరూ చెప్పలేదు, తనంతట తనే దిగాడు" అని కాంట్రాక్టర్ రాసిచ్చాడట. రిజిస్టర్‌లో ఆయన పేరు లేదు. నాలుగేళ్లుగా రోజూ పనికి వెళ్తున్న మనిషి. ఆయన భార్య కూడా అక్కడే స్వీపర్.

ఎర్ర_సంచి

అయితే నా మాట మార్చుకుంటున్నాను. రిజిస్టర్‌లో లేని ఆ పేరు గోడ మీద ఉండాలి. రోడ్డు మీద పోయే ప్రతివాడూ చదవాలి. కేసు సంగతి నాకు వేరే మెసేజ్ పెట్టండి, పక్కనే పనిచేసిన నలుగురి సాక్ష్యం, హాజరు తాలూకు ఫోన్ ఫొటోలు, సూపర్‌వైజర్ పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు ఇవన్నీ పనికొస్తాయి.

ఇంకో మాట. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ గారు, చేత్తో మలం ఎత్తే పని పోవాలని పోరాడే సఫాయి కర్మచారీ ఆందోళన్ వాళ్లు 2015 డిసెంబర్‌లో అస్సాం దిబ్రూగఢ్ నుంచి భీమ్ యాత్ర అని బస్సు కట్టుకుని బయల్దేరారు. 125 రోజులు దేశమంతా తిరిగి 2016 ఏప్రిల్‌లో ఢిల్లీ చేరారు. వాళ్ల నినాదం ఒక్కటే, 'మమ్మల్ని చంపడం ఆపండి'. మీకొచ్చిన డిజైన్ మీద రాసిన నినాదం ఎవరికి చెబుతోంది, ఈ నినాదం ఎవరికి చెబుతోంది, ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి.

సముద్రం_అవతల

నేను 15 ఏళ్లుగా శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ఉంటున్నాను. పేర్ల మాట వచ్చింది కాబట్టి ఈ ఊళ్లో పుట్టిన ఒక బొంత గురించి చెప్పాలనిపించింది. బొంత అంటే మన బొంతే, ముక్కలు కలిపి కుట్టేది.

1985 నవంబర్. ఎయిడ్స్‌తో జనం పిట్టల్లా రాలిపోతున్నారు, ప్రభుత్వం పట్టించుకోవడం లేదు. చాలామంది ఇళ్లవాళ్లు శవాన్ని కూడా తీసుకోలేదు. ఒక కొవ్వొత్తుల ఊరేగింపులో క్లీవ్ జోన్స్ అనే కార్యకర్త, మీరు పోగొట్టుకున్నవాళ్ల పేర్లు అట్టల మీద రాయండి అని అందరినీ అడిగాడు. ఆ అట్టల్ని ఫెడరల్ భవనం, అంటే కేంద్ర ప్రభుత్వ ఆఫీసు గోడకు అంటించారు. దూరం నుంచి చూస్తే అతనికి ఆ గోడ అతుకుల బొంతలా కనిపించిందట. 1987లో కుట్టడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరికి ఒక ముక్క, మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. మనిషిని పూడ్చే గోతి కొలత. అదే ఏడాది అక్టోబర్ 11న వాషింగ్టన్‌లో నేషనల్ మాల్ అనే పెద్ద మైదానం మీద పరిచినప్పుడు 1,920 ముక్కలు. ఇప్పుడు దాదాపు 50,000. బరువు 54 టన్నులు.

2022 జూన్‌లో గోల్డెన్ గేట్ పార్కులో సుమారు 3,000 ముక్కలు పరిచారు. నేను వెళ్లాను. మైకులో పేర్లు చదువుతూనే ఉన్నారు. ఒక ముక్క దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. నీలం చొక్కా ఒకటి చేతులు చాపినట్టుగా కుట్టి ఉంది, జేబు గుండీ పెట్టి ఉంది. ఆ గుండీని పెట్టిన చెయ్యి ఎవరిదో. కుట్టు ఏమంత సాపుగా లేదు, ఒకచోట దారం పోగు వేలాడుతోంది. మా అమ్మ పాత చీరలు చింపి బొంత కుట్టేటప్పుడు, ఇది మీ నాన్నమ్మ చీర, ఇది నీ బారసాల నాటిది అని చెబుతూ కుట్టేది. అక్కడ నేను ఏడ్చింది ఎవరి కోసమో నాకే తెలియలేదు.

ఆ కుట్టినవాళ్లలో చాలామంది కళాకారులు కాదు. అమ్మలు, స్నేహితులు, ఇరుగుపొరుగు. నిపుణులు కుట్టి ఉంటే అది అంత బరువుగా ఉండేది కాదని నా నమ్మకం.

వెలుగు_కిటికీ

పేర్లు, ముఖాలు గోడకెక్కించే ముందు ఒక్క మాట వినండి. కాలేజీలో ఉన్నప్పుడు మేం కొంతమందిమి కలిసి, అన్యాయంగా చనిపోయిన ఒక అమ్మాయి ముఖం బస్టాప్ పక్క గోడ మీద వేశాం. నిండుగా, పెద్దగా వేశాం. అందరూ మెచ్చుకున్నారు. నెల తర్వాత వాళ్లమ్మ గారు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. రోజూ పనికి వెళ్లడానికి ఆవిడ ఎక్కే బస్టాప్ అదే. "పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడలేకపోతున్నానమ్మా. ఇంకో దారిలో పోదామంటే బస్సు లేదు" అన్నారు. ఆవిడ తిట్టలేదు. బతిమాలారు. మేం అడగాల్సిన ఒకే ఒక్క మనిషిని అడగలేదు. ఆ రాత్రే సున్నం కొట్టేశాం. పదేళ్లయింది, ఇప్పటికీ ఆ బస్టాప్ మీదుగా వెళ్తే నా తల దించుకునే ఉంటుంది.

రెండో ఆయన భార్యను ముందు అడగండి. ఒంటరిగా అడగండి. అందరి మధ్య అడిగితే వద్దనలేరు.

గళ్ల_గోడ

నేను హైదరాబాద్‌లో గోడ బొమ్మలు వేస్తాను, అదే నా బతుకుదెరువు. అందరూ అన్నవి నిజమే. కానీ బొమ్మ వేసేవాడి పని చిన్నదని మాత్రం అనుకోకండి. జనం కథ చెప్పాక దాన్ని రోడ్డు మీద పోయేవాడి కంటికి అందేట్టు పేర్చడం ఒక విద్య.

లాస్ ఏంజెల్స్‌లో జూడీ బాకా అనే చిత్రకారిణి 1976లో ఒక వరద కాలువ గోడ మీద పని మొదలుపెట్టింది. మొదటి వేసవిలో 80 మంది కుర్రాళ్లు పనిచేశారు. చాలామంది పోలీసు కేసుల్లో ఇరుక్కున్న పిల్లలు. వాళ్లకు జీతం ఇచ్చారు, ఇది గుర్తుపెట్టుకోండి. చరిత్ర తెలిసినవాళ్లతో, ఊరి పెద్దలతో మాట్లాడి ఏ సంఘటన వేయాలో తేల్చుకునేవాళ్లు. 1983 దాకా ఐదు వేసవులు, మొత్తం 400 మందికి పైగా, 2,754 అడుగుల గోడ. అర మైలు దాటింది. 1930లలో మెక్సికన్ కుటుంబాలను రైళ్లెక్కించి పంపేయడం, రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపనీస్ అమెరికన్లను క్యాంపుల్లో పెట్టడం, ఇవన్నీ అందులో ఉన్నాయి.

ఇక మీ గోడ సంగతి. పాత సున్నం మీద నేరుగా రంగు వేయొద్దు, పెచ్చులు లేస్తుంది. గీకి, కడిగి, ఆరనిచ్చి ప్రైమర్ కొట్టాలి. 540 చదరపు అడుగులకు అడుగు కోట్లు వేయడానికి ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ పది, పన్నెండు లీటర్లు సరిపోతుంది. బొమ్మ రంగులు చిన్న డబ్బాల్లో కొనుక్కోండి. కింద అడుగున్నర ముదురు రంగు వదిలేయండి, వానకు బురద చిందుతుంది. నీలిమందు అద్దిన దారంతో అడుగుకో గడి కొట్టండి. చార్టు మీద అంగుళం గడి, గోడ మీద అడుగు గడి.

ఆడవాళ్లు "మాకు గీయడం రాదు" అంటారు, తప్పకుండా అంటారు. అప్పుడు వాళ్ల చేతికి బ్రష్ ఇవ్వకండి, ముగ్గు పిండి ఇవ్వండి. 21 చుక్కల ముగ్గు వేసే మనిషికి గళ్లు, కొలత, ఎదురుబొదురు పోలిక నేను నేర్పేదేం లేదు. మేం రెండేళ్లు కాలేజీలో నేర్చుకున్నది వాళ్లు పదేళ్ల వయసులో వాకిట్లో నేర్చుకున్నారు.

రంగుల ఖర్చులో నేను కొంత పెట్టుకుంటాను. పనికి రెండు ఆదివారాలు వస్తాను, కూలి వద్దు. కానీ పని మానుకుని వచ్చే ఆడవాళ్లకు మాత్రం రోజు కూలి కట్టి ఇవ్వాలి. దానికి చందా పోగుచేద్దాం.

జొన్న_చేను

మాది జహీరాబాద్ దిక్కు. పస్తాపూర్ డీడీఎస్ (డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ) సంఘాల ఆడవాళ్లు ఏటా సంక్రాంతి నుంచి నెల రోజులు పాత పంటల జాతర చేస్తారు. ఎడ్లబండ్లను అలంకరించి, విత్తనాల కుండలు పెట్టుకుని, పాటలు పాడుకుంటూ ఊరూరా తిరుగుతారు. దళిత ఆడవాళ్లు, సన్నకారు రైతులు. వాళ్ల బండి ఊళ్లోకి వస్తే ఎదురేగి స్వాగతం చెబుతారు. ఆ మర్యాద ఒకప్పుడు వాళ్లకు లేదు. బయటివాళ్లు వచ్చి వీళ్లను వీడియోలు తీసుకుని పోవడమే కాదని, కెమెరా వీళ్లే నేర్చుకున్నారు. 2008లో మాచ్నూర్‌లో సంఘం రేడియో కూడా పెట్టుకున్నారు. మా పెద్దమ్మ ఒకసారి అందులో పాట పాడి వచ్చి, "నా గొంతు నాకే ఇనొచ్చింది బిడ్డా" అని రెండు రోజులు అదే ముచ్చట చెప్పింది. ట్రస్టు పైసలు తీసుకోండి, తప్పేం లేదు. బొమ్మ మాది, మీ పేరు మూలకు కూడా ఉండదు అని కాగితం రాయించుకుని తీసుకోండి. ఒప్పుకోకపోతే వాళ్ల సంగతి అర్థమైనట్టే.

ఎర్ర_సంచి

చందాకు నావి 2,000.

సముద్రం_అవతల

కూలి సంగతి నాకు వదిలేయండి. ఇక్కడ మా తెలుగు స్నేహితులం నలుగురం కలిసి చూసుకుంటాం. మా పేర్లు ఎక్కడా వద్దు.

రంగుల_పలక

పది రోజులు జవాబు ఇవ్వలేకపోయాను, క్షమించండి. పరీక్షలు, ఆపైన ఈ పని.

వెలుగు_కిటికీ గారూ, మీరు చెప్పినట్టే రెండో ఆయన భార్య ఇంటికి ఒక్కదాన్నే వెళ్లాను. ఆమె చాలాసేపు ఏమీ చెప్పలేదు. టీ ఇచ్చింది. వచ్చేటప్పుడు గడప దగ్గర, "ముఖం వద్దు టీచర్. పేరు రాయండి. ఇంటిపేరుతో సహా రాయండి" అంది.

ట్రస్టువాళ్లకు ఫోన్ చేసి, డిజైన్ కాలనీవాళ్లదే ఉంటుంది, మీ పేరు ఉండదు అని చెప్పాను. ఆలోచించి చెబుతామన్నారు. ఇంకా చెప్పలేదు.

నిన్న ఆదివారం మధ్యాహ్నం హాల్లో కూర్చున్నాం. 31 మంది ఆడవాళ్లు, మా స్కూలు పిల్లలు, గోడకు ఆనుకుని నిలబడి కొందరు మగవాళ్లు. చార్టు పరిచాను. ఎవరూ పెన్సిల్ ముట్టుకోలేదు. గళ్ల_గోడ గారి మాట గుర్తొచ్చి ఇంటినుంచి తెచ్చిన ముగ్గు పిండి డబ్బా మధ్యలో పెట్టాను. పెద్దామె ముందుకొచ్చి సిమెంటు నేల మీద రెండు చేతులు గీసింది. గ్లౌజులు లేని చేతులు. వేళ్ల మధ్య పుండ్లకు చుక్కలు పెట్టింది. ఆ తర్వాత చెప్పాల్సిన పని లేకపోయింది. తెల్లవారుజామున నాలుగింటికి ఖాళీ రోడ్డు, చెత్త బండి, బండి పక్కన నిద్రపోతున్న పిల్లాడు, హాజరు వేసే చోట బొటనవేలు. పిండి అయిపోతే ఎవరింట్లోనో పోయి తెచ్చారు.

చివర్లో రెండో ఆయన భార్య వచ్చి కూర్చుంది. పెద్ద సున్నా చుట్టింది. ముగ్గు వేస్తుందేమో అనుకున్నాను. లోపల అడ్డంగా, నిలువుగా గీతలు కొట్టింది. మ్యాన్‌హోల్ మూత. దాని మీద నుంచి ఒక గీత పైకి లాగి, రెండు వేళ్లతో చిటికెడు చిటికెడు పిండి వదులుతూ దాన్ని మెలికలుగా తిప్పింది. తాడు.

"ఆ రోజు తాడు లేదు కదే" అంది పెద్దామె.

"లేదు. అందుకే వేస్తున్నా."

"లేనిది లేనట్టు వెయ్యాలి. ఉన్నట్టు వేస్తే, వీళ్లకు తాడు ఇచ్చారనుకుంటారు రోడ్డు మీద పోయేవాళ్లు."

"బొమ్మలో కూడా ఇవ్వొద్దా ఆయనకి?"

గంటసేపు ఈ మాట మీదే నడిచింది. కొందరు ఇటు, కొందరు అటు. ఒక అబ్బాయి, మొదట చనిపోయినాయన కొడుకు, తాడును తెల్ల రంగుతో కాకుండా చుక్కలతో వేద్దామన్నాడు, ఉండాల్సింది లేదని తెలిసేలా. నాకు అది నచ్చింది, కానీ నేను ఏమీ అనలేదు. ఇంకా తేలలేదు. వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం. గళ్ల_గోడ గారూ, మీరు ఆ రోజే రాగలిగితే మంచిది.

నేల మీద ముగ్గు తుడవకుండా హాలుకు తాళం వేశాం. తాళంచెవి ఆమె దగ్గరే ఉంది.